రాయా, చెక్కా, మీ ఇష్టం వదినగారూ

సూది, డప్పు అన్నవి ఆ ఇద్దరు ఆడవాళ్లకీ బడిలో పడిన పేర్లు. సూది మనిషి సన్నం, మాట పదును. పెద్దయ్యాక బట్టలు కుట్టే పనే చేపట్టడంతో ఆ పేరు మరీ అతికినట్టు సరిపోయింది. ఇక డప్పు గొంతు సంగతి వేరే చెప్పాలా? ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తుంటే, ఆ వీధిలో చదువు ఎగ్గొట్టి తిరిగిన పెద్దమనుషులకి కూడా పదమూడో ఎక్కం నోటికొచ్చేసింది.

పెళ్లిళ్లయ్యాక కూడా ఇద్దరూ విడిపోలేదు. ఎదురెదురుగా ఉన్న రెండిళ్లు వెతికి పట్టుకుని మరీ చేరారు. మధ్యలో కాంక్రీటు పోసిన ఉమ్మడి వాకిలి, పక్కన ఒకటే గేటు. "ఒసే సూదీ!" అని ఒక గడపలోంచి, "ఏమే డప్పూ!" అని రెండో గడపలోంచి కేక వినబడితేనే ఆ ఇళ్లకి తెల్లారినట్టు. పొద్దున పోట్లాడుకుని మధ్యాహ్నానికి మరిచిపోయేవారు, సాయంత్రం ఇంకో పోట్లాటకి కారణం వెతుక్కునేవారు. ఆ సుఖం అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

అంత చక్కటి స్నేహాన్ని పెళ్లి పాడుచేసింది. వాళ్ల పెళ్లి కాదు, వాళ్ల పిల్లల పెళ్లి. సూది కొడుకూ డప్పు కూతురూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. తల్లులిద్దరూ ఎగిరి గంతేశారు. అప్పుడు దిగారు సలహాలిచ్చేవాళ్లు. "పిల్లనిస్తున్నదానివి. ఇక ఈ ఒసే గిసేలు కట్టిపెట్టు. నువ్వు నోరు జారితే అది నీ కూతురు మెడకి చుట్టుకుంటుంది" అని డప్పుకి వాళ్లక్క చెప్పింది. "అత్తగారివవుతున్నావు. నువ్వు సరదాకి అన్నా అది ఎత్తిపొడుపులాగే వినిపిస్తుంది" అని సూదికి వాళ్ల పిన్ని చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి మాట విని ఎరగని ఇద్దరూ, వినకూడని ఆ ఒక్క మాటా శ్రద్ధగా విన్నారు.

ఆనాటినుంచి "వదినగారూ" మొదలైంది. "బాగున్నారా వదినగారూ?" "మీ దయ వదినగారూ." ఒకరింటికి ఒకరు వెళ్లాలంటే ముందు కబురు. వెళ్తే కుర్చీ అంచున కూర్చోవడం. డప్పు గొంతు ట్యూషన్ పిల్లలకే మిగిలింది. సూది నాలుకకి తుప్పు పట్టింది. మగవాళ్లిద్దరికీ మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సూది మొగుడు బస్సు నడిపి మానేసినవాడు, డప్పు మొగుడు రేడియోలూ మిక్సీలూ బాగుచేస్తాడు. వాళ్ల మధ్య మొదట్నుంచీ నాలుగు మాటలే, వియ్యమందాక కూడా ఆ నాలుగే.

సూదికి లోలోపల దిగులు పట్టుకుంది. కోడలు బంగారం, కొడుకు సుఖంగా ఉన్నాడు, ఇంట్లో కొదవ లేదు. అయినా మిషను తొక్కుతూ తొక్కుతూ ఎదురింటి గడప వైపు చూసి ఆగిపోయేది. కళ్లెదురుగా తిరిగే మనిషి మీద బెంగపెట్టుకున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? వినేవాళ్లు నవ్వరూ?

ఇలా ఉండగా ఒకరోజు డప్పు వాకిట్లో పడింది.

వాకిట్లో కాంక్రీటు ఇళ్లు కట్టినప్పుడు పోసింది. నడుమ బారుగా పగిలి, పెచ్చులు లేచి, వాన పడితే మడుగులు కట్టేది. డప్పు ఆ పగులులో కాలు తట్టుకుని, చేతిలో ఉన్న సుద్దముక్కల డబ్బాతో సహా బొక్కబోర్లా పడి, తెల్లగా పొడి కొట్టుకుని లేచి కూర్చుంది. పాత రోజుల్లో అయితే సూది ముందు కడుపుబ్బా నవ్వి, ఆ తర్వాతే చెయ్యి అందించేది. ఇప్పుడేమో పరుగెత్తుకొచ్చి, "అయ్యో, దెబ్బ తగిలిందా వదినగారూ?" అంది. "అబ్బే, ఏం లేదు వదినగారూ. మీరు శ్రమపడకండి" అంది డప్పు, ముక్కు మీద సుద్దపొడితో. ఇద్దరూ మొహాలు బిగబట్టుకుని ఎవరి ఇంట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. సూది వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుని నవ్వబోయింది. ఒక్కత్తే నవ్వడం చేతకాక ఏడ్చింది.

మర్నాడే ఆవిడ మొగుడితో చెప్పి అచ్చుల మేస్త్రిని పిలిపించింది. పాత కాంక్రీటు మీద పల్చగా కొత్త పూత పోసి, అది పచ్చిగా ఉండగానే రబ్బరు అచ్చులు వేసి తొక్కి, రాళ్లు పరిచినట్టో చెక్కలు పరిచినట్టో తయారుచేయడం ఆయన పని. ఆయన వాకిలంతా తిరిగి, మడమతో అక్కడా ఇక్కడా తట్టి, పగుల్లోకి వేలు పెట్టి చూశాడు.

"అడుగు గట్టిగానే ఉంది. పగలగొట్టి కొత్తగా పోయాలంటే దీనికి రెండింతలవుతుంది, ఆ చెత్త ఎత్తిపోయడానికి వేరే. పైపూత అయితే చదరపు అడుక్కి ఇంత" అని ఒక రేటు చెప్పాడు.

మగవాళ్లిద్దరికీ గొంతులో వెలక్కాయ పడింది.

"అందులో అన్నీ వచ్చినట్టేనా?" అన్నాడు సూది మొగుడు.

"ఎక్కడండీ! పగుళ్లు పూడ్చడం వేరు. రంగు రెండోది కావాలంటే వేరు. అచ్చు రెండు రకాలు కావాలంటే వేరు. పైన మెరుపు పూత మాత్రం అందులోనే."

"మెరుపొక్కటీ ఊరికే ఇస్తున్నావన్నమాట" అన్నాడు డప్పు మొగుడు.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న మాట రాగానే ఆడవాళ్లు మొదలెట్టారు. "మేం పెట్టుకుంటాం వదినగారూ." "అదేంటి వదినగారూ, మా వాళ్లు తిరిగే వాకిలే కదా, మేం పెట్టుకుంటాం." మేస్త్రి ఇటూ అటూ చూసి, "డబ్బులు నువ్వివ్వంటే నువ్వివ్వని జుట్లు పట్టుకున్న వాళ్లని చూశాను. నేనిస్తానంటే నేనిస్తానని ఇంత మెత్తగా కొట్టుకునేవాళ్లని ఇప్పుడే చూడ్డం" అన్నాడు. మగవాళ్లు గేటు దగ్గరికి వెళ్లి, వాళ్ల నాలుగు మాటల్లోనే "చెరిసగం" అనే మాట ఖర్చుపెట్టి తిరిగొచ్చారు.

మిగిలింది అచ్చు ఎంచుకోవడం. మేస్త్రి రెండు నమూనాలు చూపించాడు. ఒకటి ఎగుడుదిగుడు రాతి పలకలు, రెండోది వరసగా పేర్చినట్టుండే చెక్కలు. రాతి పలకలు చూడగానే సూది మనసు లాగేసింది. చెక్క నమూనా మీద డప్పు అరచెయ్యి పెట్టి నిమరడం కూడా ఆవిడ చూసింది.

"ఏది వేయమంటారు?"

"మా వదినగారు ఎలా అంటే అలా" అంది సూది.

"వదినగారి మాటే నా మాట" అంది డప్పు.

మేస్త్రి మళ్లీ రెండుసార్లు తిరిగాడు. మళ్లీ అదే జవాబు. ఆఖరికి సూది కోడల్ని అడిగాడు. ఆ పిల్ల దణ్ణం పెట్టేసింది. "ఇటు మా అత్తయ్య, అటు మా అమ్మ. అడకత్తెరలో పోకచెక్కని నేను. నన్ను వదిలెయ్యండి బాబూ" అంది.

పని రోజు రానే వచ్చింది. అంతకుముందే వాకిలి గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి పెట్టారు. మేస్త్రి ఇద్దరు పనివాళ్లతో దిగి, ఏది కావాలన్నా ఉంటుందని రెండు రకాల అచ్చులూ దింపించాడు. కలపబోయే ముందు జాగ్రత్తపరుడు గనక డప్పుని అడిగాడు.

"ఏ అచ్చో ఖాయం చేసుకున్నారా అమ్మా?"

"ఆ, ఖాయమే. వదినగారి ఇష్టమే ఖాయం."

ఇటు తిరిగి సూదిని అడిగాడు. "అంతేనా అమ్మా?"

"అంతే. వదినగారికి ఏది ఇష్టమో అదే."

ఇద్దరూ అంత నమ్మకంగా తలలూపితే ఎవరైనా ఏమనుకుంటారు? తేలిపోయిందనే అనుకున్నాడు పాపం. సరుకు కలిపాడు, పోశాడు. పచ్చి పూతలో దిగడానికి మేకుల చెప్పులు వేసుకుని వాకిలి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదును చేశాడు. బూడిద రంగు పూత మెత్తగా, నున్నగా మెరుస్తోంది. అప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఊ, చెప్పండి. రాయా, చెక్కా?" అన్నాడు.

సూది డప్పు వైపు చూసింది. డప్పు సూది వైపు చూసింది.

"మీ ఇష్టం వదినగారూ."

"అయ్యో, మీ ఇష్టమే వదినగారూ."

మేస్త్రికి చెమట్లు పట్టాయి. "ఏంటమ్మా, ఇంకా తేలలేదా? ఎండ చూశారా? ఇది ఎవరి కోసమూ ఆగదు. గట్టిపడిందంటే అచ్చు దిగదు. మొత్తం చెక్కి పారేసి మళ్లీ మొదట్నుంచి చేయాలి. సరుకు పోతుంది, కూలి పోతుంది, ఖర్చు రెట్టింపు!"

రెట్టింపు అనే మాటకి మగవాళ్లిద్దరూ లేచి నిలబడ్డారు. కొడుకూ కోడలూ మేడ మీదనుంచి దిగొచ్చారు. ఎండ నిలువునా కాస్తోంది. గేటు పక్కన పూత రంగు అప్పుడే తేలిపోతోంది. సూది ఒక నిర్ణయానికి వచ్చింది. పోతే పోయింది రాయి, ఆవిడ సంతోషపడితే చాలు. అదే క్షణాన డప్పుకీ అదే బుద్ధి పుట్టింది. ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"చెక్క వేసెయ్యండి!" అంది సూది.

"రాయి వేసెయ్యండి!" అంది డప్పు.

మేస్త్రి తల పట్టుకున్నాడు.

"మీకు చెక్కే కదా వదినగారూ ఇష్టం" అంది సూది.

"లేదండీ, నాకు రాయే ఇష్టం."

"కాదండీ, ఆరోజు మీరు చెక్క నమూనాని నిమిరారు. నేను చూశాను."

"ఊరికే దుమ్ము తుడిచానండీ."

"దుమ్మెక్కడిదండీ, కొత్త నమూనా..."

"ఒసే సూదీ! నాకు రాయి ఇష్టమని చెబుతుంటే నీకు చెవులకెక్కదుటే?"

పాత డప్పు గొంతు! ఆ కేకకి పక్కింటి పిట్టగోడ మీద పిల్లి దూకి పారిపోయింది. డప్పు నాలిక్కరుచుకుంది. కూతురి వైపు భయంగా చూసింది. సూది మొహం ఎర్రబడింది. అందరూ ఏదో ముంచుకొస్తుందనుకున్నారు. ముంచుకొచ్చింది కూడా.

"ఎక్కదే! నాకు చెవులకెక్కదు!" అని సూది రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "అబద్ధాలాడితే ఎందుకెక్కుతుంది? నీ మొహం నాకు తెలీదా? చిన్నప్పుడు పెన్సిలు కొనుక్కోమంటే కొట్లో ఉన్న చెక్క స్కేళ్లన్నీ నిమిరి నిమిరి వచ్చేదానివి! నువ్వా నాకు రాయి ఇష్టమని చెప్పేది?"

"మరి నువ్వో? రాయి చూసి చొంగ కార్చుకుని, చెక్క కావాలంటావా? ఎవరికే ఈ త్యాగాలు? నీ త్యాగాలు తగలెయ్య!"

"నేను త్యాగం చేస్తే నువ్వేం చేస్తున్నావే? ఊరేగుతున్నావా?"

"ఏమండోయ్" అన్నాడు మేస్త్రి. ఎవరూ వినలేదు.

"నువ్వు కుట్టిచ్చిన జాకెట్టు చంకలో పట్టేస్తే, ఇన్నాళ్లూ చెయ్యెత్తి బోర్డు మీద రాయలేక చచ్చానే!" అని డప్పు నిజంగానే చెయ్యెత్తబోయి సగంలో ఆగిపోయింది. "చూడు! చూడు ఎంతవరకు లేస్తుందో!"

"మరి చెప్పి ఏడవ్వేం?"

"వియ్యపురాలి కుట్టుకి వంక పెడతానా?"

"వంక పెట్టక నిన్నెవరు నోరు కుట్టుకోమన్నారే? నువ్వు ఆరోజు పడితే నాకు నవ్వొచ్చి ప్రాణం పోయిందే! వియ్యపురాలు పడితే నవ్వకూడదని బిగబట్టి, బిగబట్టి, వంటింట్లో కూర్చుని..." సూది చెంగుతో కళ్లు తుడుచుకుంది. "కూర్చుని ఏడ్చానే, దిక్కుమాలినదానా!"

డప్పు గబగబా రెండడుగులు వేసి, పచ్చి పూత అంచున ఆగింది. ఆవిడ కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. "నాకు తెలుసే. నేను అటు నా వంటింట్లో కూర్చున్నాను. నువ్వు నవ్వలేదని, అంత గట్టిగా పడింది వేస్టయిపోయిందని!"

ఆ మాటకి సూదికి ముందు ఎక్కిలి వచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. డప్పూ పక్కున నవ్వింది. ఆ నవ్వు ఒకసారి మొదలైతే మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదని మగవాళ్లిద్దరికీ తెలుసు. వాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఎదురెదురుగా వంగిపోయి నవ్వుతుంటే కోడలు పిల్ల మొగుడి భుజం పట్టుకుని, "అమ్మయ్య, వచ్చేశారు" అంది.

"అమ్మా, తల్లీ!" మేస్త్రి ఏడుపొక్కటే తక్కువ. "తిట్టుకోండి, నవ్వుకోండి, మీ ఇష్టం. ముందు అచ్చు చెప్పండి! నిజం చెప్పండి!"

"రాయి!" అంది సూది. "చెక్క!" అంది డప్పు. ఈసారి ఎవరిది వాళ్లే అడిగారు.

"అటు సగం చెక్క, ఇటు సగం రాయి" అని అరిచాడు మేస్త్రి. "కానీ రెండు రకాలంటే చాకిరీ రెట్టింపు. మేం ముగ్గురం చాలం. ఇది బిగిసిపోతుంది!"

"మేమున్నాం కదయ్యా!" అంది డప్పు, చీర చెంగు నడుముకి బిగిస్తూ.

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. సూది వైపున్న వాళ్లంతా పెరట్లోంచి సందు చుట్టి డప్పు అరుగు మీదికి చేరారు. ఒక పనివాడు అచ్చులు అంటుకోకుండా నూనెలాంటి మందు చల్లుతుంటే, ఇంకొకడు అచ్చులు పక్కపక్కనే అంచులు కలిపి పరుస్తున్నాడు. వాటి మీద ఎక్కి తొక్కడం జనం పని. డప్పు గడప దగ్గర చెక్క మొదలైంది. డప్పు ఒక అచ్చు మీద ఎక్కి నిలబడిందంటే చాలు, చెక్క గీతలు పోత పోసినట్టు దిగిపోయేవి. "ఈవిడని నెల జీతానికి పంపుతారా అండీ?" అన్నాడు మేస్త్రి. కూతురూ అల్లుడూ ఒక అచ్చు మీద చేతులు పట్టుకుని ఎగిరారు. సూది మొగుడు బ్రేకు తొక్కినట్టు ఒంటికాలితో తొక్కి, "అలా కాదు బాబాయ్, రెండు కాళ్లూ" అనిపించుకున్నాడు. డప్పు మొగుడు వాకిట్లోకి దిగకుండా గడప మీద నిలబడే ఎక్కడెక్కడ తొక్కలేదో చూపించి, అందరిచేతా చీవాట్లు తిన్నాడు.

చెక్క పూర్తిచేసినవాళ్లు డప్పు అరుగెక్కేశారు. మేస్త్రి, పనివాళ్లు, ఆడవాళ్లిద్దరూ రాతి అచ్చుల్లోకి వచ్చారు. అక్కడ సూదికి అవమానం జరిగింది. ఆవిడ ఎక్కి ఎంత ఎగిరినా అచ్చు దిగలేదు. తీసి చూస్తే రాయి కాదు, రాయి మీద బూజులా ఉంది.

"సూదికి బరువెక్కడిదయ్యా? జరుగు, జరుగవే" అని డప్పు వచ్చి అదే అచ్చు మీద ఎక్కింది. ఇద్దరికీ చోటు చాల్లేదు. ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. "ఒకటీ, రెండూ" అని డప్పు తన ట్యూషన్ గొంతుతో లెక్కపెడుతుంటే ఇద్దరూ కలిసి ఎగిరారు. మేస్త్రి అచ్చు లేపాడు. నిఖార్సైన రాయి. అంచులు విరిగి, వానలకి అరిగి, ఎన్నో ఏళ్లుగా అక్కడే పడున్నట్టున్న రాయి. సూదికి గుండె నిండిపోయింది. "ఇంకోటి వెయ్యవయ్యా" అంది, రొప్పుతూ.

అలా ఒక్కొక్క అచ్చూ వెనక్కి వేసుకుంటూ, ఎగురుకుంటూ, సూది అరుగు దాకా వచ్చి ఎక్కేశారు. వెనక్కి తిరిగి చూస్తే అటు చెక్క, ఇటు రాయి. రెండూ కలిసే చోట గీత కాస్త వంకర పోయింది. దాన్ని చూసి మేస్త్రి సిగ్గుపడ్డాడు.

"మా పుట్టిల్లు చెక్క, మా అత్తిల్లు రాయి" అని అవతలి అరుగు మీదనుంచి కోడలు అరిచింది.

"రాయిని తొక్కింది మీ అమ్మేనే!" అని ఇవతలినుంచి సూది అరిచింది. అత్తగారు అలా అరవడం ఆ పిల్ల పెళ్లయ్యాక వినలేదు. చప్పట్లు కొట్టింది.

మేస్త్రి చేతులు కడుక్కుని, మెల్లగా అసలు సంగతికొచ్చాడు. "రెండు అచ్చులయ్యాయి కదమ్మా. దానికి పైన కాస్త..."

"పైనా?" అంది సూది. తుప్పు వదిలిన నాలుక తళతళలాడింది. "అచ్చు నీదీ, తొక్కుడు మాదీ. మా కూలి ఎంత తగ్గిస్తావో ముందు అది చెప్పు."

"మనిషికింతని లెక్క కట్టు. నాకు మాత్రం బరువుని బట్టి కట్టాలి" అంది డప్పు.

ఇద్దరూ కలిసి ఒకరినొకరు అందుకుంటూ బేరమాడుతుంటే మేస్త్రికి ఊపిరి సలపలేదు. చివరికి రెండో అచ్చుకి అదనంగా ఒక్క పైసా తీసుకోనని ఒప్పుకుని, ఆ వంకర గీత సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు. "రేపటిదాకా దీని మీద ఎవరూ కాలు పెట్టకండి" అని చెప్పి, అచ్చులు నెత్తిన పెట్టుకుని, పనివాళ్లతో సహా సూది ఇంట్లోంచి పెరటి తలుపు దాటి సందులోకి దిగి వెళ్లిపోయాడు.

ఎండ వాలింది. అవతలి అరుగు మీద నలుగురు, ఇవతలి అరుగు మీద ఇద్దరు, మధ్యలో ఆరుతున్న వాకిలి. సూది, డప్పు గోడకి ఆనుకుని కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నారు. అంత సేపు ఎగిరిన కాళ్లు పీకుతున్నాయి. ఆ పీకుడు కూడా సూదికి హాయిగానే ఉంది. పక్కనే డప్పు తల వెనక్కి వాల్చి, కబుర్లు చెబుతోంది. ఇన్నాళ్లుగా దాచిపెట్టిన కబుర్లన్నీ, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి.

"అమ్మా!" అని కూతురు కేకేసింది. "నాన్నకి ఆకలేస్తోందిట. వస్తావా?"

"ఎలా వస్తానే? రేపటిదాకా కదలొద్దన్నాడు కదా మేస్త్రి!"

"వాకిట్లో నడవొద్దన్నాడమ్మా. ఆయన వెళ్లిన దారి ఉందిగా. పెరట్లోంచి, సందులోంచి చుట్టూ తిరిగి వచ్చెయ్."

డప్పు మెల్లగా సూది వైపు తిరిగింది. ఎక్కాలు తప్పుచెప్పిన ట్యూషన్ పిల్లలా ఉంది మొహం.

సూది లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ లోపలికి వెళ్లి, పెరటి తలుపు మూసి గడియ పెట్టి, తిరిగి వచ్చి డప్పు పక్కన కూర్చుంది.

"ఊ, ఎంతవరకు చెప్పావే?" అంది.